ఊరు దాటని నాదస్వరం

కంప్యూటర్ల ఉద్యోగమంటే కుర్చీలో కూర్చుని చేసేదని అందరి నమ్మకం. మా అత్తగారైతే, "రోజంతా కూర్చునే కదమ్మా వస్తావు, కాళ్ల నొప్పులేంటి?" అనేవారు. చాలావరకు నిజమే. కానీ ఒక రోజు నేను చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఫిల్మ్‌నగర్ వాలు మీద పరుగెత్తాను. ఒక పాట కోసం. ఆ పాట నేను రాసింది కాదు, పాడింది కాదు. దాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి, దారిలో ఎవరి చేతికీ చిక్కకుండా చేర్చడం మాత్రమే నా పని.

రిటైరై ఏడాది దాటింది. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనిపించినప్పుడు, "మేడమ్, మీరు చేసిన వాటిలో బాగా గుర్తున్నది చెప్పండి" అంటారు. పెద్ద పెద్ద సినిమాల పేర్లు చెబుతానని వాళ్ల ఆశ. నేను ఈ ఒక్క రోజు గురించే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నా గొంతు పెద్దదవుతుందని మావారు ఏడిపిస్తారు. కావచ్చు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి తొందరపడుతోంది.

మా స్టూడియో ఫిల్మ్‌నగర్‌లో బండరాళ్ల మధ్య కట్టిన భవనం. పైన పాటలు రికార్డు చేసే గదులు, కింద సినిమా మొత్తానికి శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ థియేటర్, వాటి మధ్య మెట్ల కింద నా గది. ఆ గదిలో సర్వర్ ఉండేది. సర్వర్ వేడెక్కకూడదని ఏసీ ఎప్పుడూ ఆడేది కాబట్టి, స్టూడియోలో పూజ ఉన్నప్పుడల్లా పూలదండలు, స్వీట్ల డబ్బాలు నా గదిలోనే పెట్టేవారు. ఎంత పనిలో ఉన్నా తలుపు తోసుకుని ఎవరో ఒకరు లడ్డూల కోసం వచ్చేవారు.

నేను వచ్చిన కొత్తలో పాటలు పెన్ డ్రైవ్‌లలో తిరిగేవి. కృష్ణానగర్‌లో ఉండే కోరస్ గాయనికి ఒకటి, శ్రీనగర్ కాలనీలో పాట రాసేవారికి ఒకటి, డాన్సు మాస్టరుకి ఒకటి. బైకు మీద మనిషి చెక్‌పోస్ట్ సిగ్నల్ దాటేసరికి అవతల రిహార్సల్ అయిపోయేది. ఆ తర్వాత లింకులు పంపుకోవడం మొదలైంది. అది ఇంకో బాధ. లింకు ఎవరి దగ్గరుంటే వాళ్లదే పాట. ఒకరు ఇంకొకరికి పంపుతారు, వాళ్లు మరొకరికి.

ఈ కథలోని నిర్మాతగారికి ఆ దెబ్బ తగిలింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఆయన అంతకుముందు తీసిన సినిమాలోని ముఖ్యమైన పాట, విడుదలకు ముందే యూసుఫ్‌గూడలో టీ కొట్టు దగ్గర ఆగిన ఆటోలో మోగింది. కారులోంచి ఆయనే విన్నారు. దిగి ఆటో డ్రైవర్‌ని, "ఈ పాట ఎక్కడిది బాబూ?" అని అడిగితే, అతను ఉత్సాహంగా, "మస్తుంది గదా సార్, మీకు గూడ పంపాల్నా?" అన్నాడట. ఆయన పాటను ఆయనకే పంపిస్తానన్నాడు! ఆ ముచ్చట చెప్పేటప్పుడు నిర్మాతగారు నవ్వేవారు కానీ, ఆ నవ్వు కళ్ల దాకా వచ్చేది కాదు.

అందుకే కొత్త సినిమా పని మా స్టూడియోకి ఇచ్చినప్పుడు నన్ను పిలిపించి ఒకే మాట చెప్పారు. "అమ్మా, నా పాటలు ఇంటర్నెట్‌లో ఎక్కడా ఉండకూడదు."

"బయటివాళ్ల దగ్గర పెట్టనండీ. మన సర్వర్‌లోనే పెట్టి, మనమే తాళం వేద్దాం" అన్నాను.

"తాళమంటే ఎలాంటి తాళం?"

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పక తప్పదు, కొంచెమే. వెబ్ సర్వర్‌లో బయటి ప్రపంచానికి కనిపించే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. అది వీధి వరండా లాంటిది. చాలామంది ఫైళ్లను అక్కడే పెట్టి, చిరునామా ఎవరికీ తెలియదులే అనుకుంటారు. నేను పాటలను వరండాలో పెట్టలేదు. లోపలి గదిలో, బయటి నుంచి ఏ చిరునామా కొట్టినా చేరలేని చోట పెట్టాను. పాట కావాల్సిన మనిషి ముందు తన పేరు, పాస్‌వర్డ్ చెప్పాలి. అప్పుడు ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ మనిషికి ఆ పాట ఇవ్వొచ్చా అని చూసుకుని, సరే అనుకుంటే ఒక లింకు ఇస్తుంది. ఆ లింకు నొక్కితే వెబ్ సర్వరే లోపలి గదిలోంచి ఫైలు తెచ్చి చేతిలో పెడుతుంది. గడువు దాటితే లింకు చచ్చిపోతుంది.

నిర్మాతగారు అంతా శ్రద్ధగా విని, "ఒక లింకు ఒక్కసారే పనిచెయ్యాలి. రెండోసారి ఎవరు నొక్కినా రాకూడదు" అన్నారు.

సబబుగానే ఉంది. అలాగే చేశాం. స్టూడియోలో అన్ని కంప్యూటర్ల మీదా పరీక్షించాం. మొదటిసారి నొక్కితే పాట వచ్చింది, రెండోసారి నొక్కితే 'ఈ లింకు వాడేశారు' అని వచ్చింది. మా సౌండ్ ఇంజనీర్ మెచ్చుకోలుగా తల ఊపాడు. అతను యూసుఫ్‌గూడలోనే పుట్టి పెరిగినవాడు. శబ్దం విషయంలో ఎంత నాజూకో, మాటలో అంత మొరటు. నన్ను అక్కా అనేవాడు. "అక్కా, నువ్వు పెట్టిన తాళం దొంగోడు జూస్తే ఆడికాడనే కూసొని ఏడుస్తడు" అన్నాడు. నేను పొంగిపోయాను. నెలల తరబడి అంతా సాఫీగా నడిచింది. ఒక్క పాట కూడా బయటికి పొక్కలేదు.

ఇక ఆ రోజు సంగతి.

సినిమా చివరి దృశ్యంలో మాటల్లేవు. ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్లిన తల్లి ఊరేగింపు జనంలోంచి నడిచి వస్తుంది, పెళ్లికూతురి ముస్తాబులో ఉన్న కూతురు ఆమెను చూస్తుంది. అంతే. అక్కడ నాదస్వరం ఉండాలని సంగీత దర్శకుడు అనుకున్నాడు. ఇరవైల్లో ఉన్న కుర్రాడు, తొలి పెద్ద సినిమా. హడావిడిలో కీబోర్డు మీదే నాదస్వరం వాయించి పెట్టాడు. దృశ్యాన్ని మళ్లీ ఎడిట్ చేసి తెచ్చాక, మిక్సింగ్ థియేటర్‌లో పెద్ద తెర మీద వేసుకుని చూశాం.

"బానే ఉంది కదా" అన్నారు నిర్మాతగారు.

సంగీత దర్శకుడు తల అడ్డంగా ఊపాడు. "ప్లాస్టిక్ దండ వేసినట్టుంది సార్. ఆ అమ్మ నడిచొస్తుంటే నాకే ఏడుపు రాలేదు. మనిషి వాయించాలి."

మనిషి ఎవరో కూడా అతనికి తెలుసు. గోదావరి ఒడ్డున ఒక గుడిలో ఆస్థాన విద్వాంసుడిగా ఉన్న పెద్దాయన. చిన్నప్పుడు ఏటా తీర్థానికి వెళ్లి ఆయన వాయిద్యం వినేవాడట. అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"గురువుగారూ, మీరు రేపటికల్లా హైదరాబాద్ రావాలి. విమానం టికెట్ పంపిస్తాం."

అవతలి నుంచి గంట మోగినట్టు నవ్వు వినిపించింది. "ఎక్కడికి రావడం నాయనా? ఇక్కడ బ్రహ్మోత్సవాలు. ధ్వజం ఎత్తేశారు, నా చేతికి కంకణం కట్టేశారు. జెండా దిగేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఇంద్రుడు ఐరావతాన్ని పంపినా రాను."

"అయితే మేం..."

"మీరు వచ్చినా నాకు తీరికుండదు. రేపు మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక, సాయంత్రం వాహనసేవకి డోలు మోగే లోపల ఖాళీ. ఆ వేళకి పాట నా చెవిలో పడితే వాయిస్తాను. లేదంటే నీ అదృష్టం, నా అదృష్టం."

ఆ ఊళ్లో భక్తి పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియో ఒకటుంది. విద్వాంసుడి కోడలు కాలేజీలో సంగీతం చెబుతుంది. రికార్డింగ్ సంగతి తను చూసుకుంటానంది. మాకూ రేపు సాయంత్రమే ఆఖరు. ఎల్లుండి నుంచి థియేటర్ ఇంకో సినిమాకి ఇచ్చేశారు. పైగా ఎడిటర్ ఆ దృశ్యంలో ఇంకా మార్పులు చేస్తూనే ఉన్నాడు. అతను ముగించేది రేపు ఉదయం. కారులో మనిషిని పంపే వ్యవధి లేదు. సర్వరే దిక్కు.

నిర్మాతగారు నా వైపు చూశారు. "ఈ ఒక్క దృశ్యం బయటికి వెళ్లిందంటే సినిమా అయిపోయినట్టేనమ్మా. కథంతా ఇక్కడే ఉంది."

"వెళ్లదండీ" అన్నాను. ఆ మాట అనడం ఎంత సులువో!

మర్నాడు మధ్యాహ్నం దృశ్యం, దాని మీద పాట కలిపిన ఫైలు సిద్ధమైంది. విద్వాంసుడి కోడలి పేరు చేర్చి, పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పి, లింకు ఇచ్చాను. థియేటర్‌లో సంగీత దర్శకుడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. నిర్మాతగారు వెనక సోఫాలో కూర్చున్నారు. నేను లాప్‌టాప్‌తో మిక్సింగ్ బల్ల చివర కూర్చున్నాను. సౌండ్ ఇంజనీర్ నా పక్కనే.

కోడలు ఫోన్ చేసింది. "మేడమ్ గారండీ, నొక్కానండి. కొంచెం వచ్చి ఆగిపోయిందండి. 'ఈ లింకు వాడేశారు' అంటోంది."

"పర్వాలేదమ్మా, పొరపాటున రెండుసార్లు తగిలి ఉంటుంది. ఇంకోటి ఇస్తాను."

ఇంకోటి ఇచ్చాను. అదే మాట. మరొకటి. అదే మాట. ఆ చిన్న స్టూడియోలో ఇంటర్నెట్ లైను తెగిపోయి ఉందట. ఉత్సవాల రద్దీలో ఏదో బండి స్తంభాన్ని గుద్దిందట. కోడలు తన ఫోన్‌లోనే ప్రయత్నిస్తోంది. వేలమంది భక్తుల మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంది.

"మావయ్యగారు వచ్చి కూర్చున్నారండి. నాదస్వరం సీవాళి కూడా తడుపుకున్నారండి" అని భయంభయంగా చెప్పింది. సీవాళి అంటే నాదస్వరం కొసన పెట్టే రెల్లు పీక. దాన్ని తడిపి సిద్ధం చేసుకున్నారంటే ఇక వాయించడమే తరువాయి.

వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏమ్మా, హైదరాబాద్ పాట ఇంకా రైల్లోనే ఉందా?"

సంగీత దర్శకుడు లేచి నిలబడ్డాడు. "మేడమ్, ప్లీజ్. ఆ తాళం ఒక్క ఐదు నిమిషాలు తీసెయ్యండి. మామూలు ఫోల్డర్‌లో పెట్టెయ్యండి. వాళ్లు తీసుకోగానే తుడిచేద్దాం."

నేను నిర్మాతగారి వైపు చూశాను. ఆయన మొహం వాడిపోయి ఉంది. ఓడిపోయినవాడిలా అన్నారు, "తీసెయ్యమ్మా. ఏం చేస్తాం? దానికి రాసిపెట్టినట్టవుతుంది."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో అది తేలిక దారి. ఒక్క వరస మారిస్తే చాలు. ఫైలు వరండాలోకి వచ్చేస్తుంది. నా మీద ఏ నిందా రాదు, తియ్యమన్నది ఆయనే. కానీ ఆ ఆటోలో మోగిన పాట గుర్తొచ్చింది. అదీ ఎవరో 'ఐదు నిమిషాలే' అనుకుని తెరిచిన తలుపులోంచే వచ్చి ఉంటుంది.

"సార్, మీకు టీ తెప్పిస్తాను. మీరది తాగేలోపు చూస్తాను. అప్పటికీ కాకపోతే మీరన్నట్టే చేస్తాను" అన్నాను.

"అక్కా, టీ జర పెద్ద కప్పుల తెమ్మని చెప్తా" అన్నాడు ఇంజనీర్ నా చెవిలో.

కోడలికి ఫోన్ చేసి, "అమ్మా, ఇప్పుడు ఇంకో లింకు ఇస్తున్నాను. నేను చెప్పినప్పుడు ఒక్కసారే నొక్కు. ఫోన్ కట్ చెయ్యకు" అన్నాను. సర్వర్ దగ్గరికి ఎవరు వచ్చినా ఒక్కో వరసగా నా లాప్‌టాప్ తెర మీద కనిపిస్తుంది. అది తెరిచి పెట్టుకున్నాను.

"నొక్కమ్మా."

"నొక్కానండి."

తెర మీద ఒక వరస పడింది. వెంటనే ఇంకోటి. ఇంకోటి. మరొకటి. తను నొక్కింది ఒక్కసారే!

"ఒక్కసారే నొక్కావా?"

"ఒట్టండి!"

నేను ఆ వరసల వైపు కళ్లార్పకుండా చూశాను. మొదటి దానిలో ఫోన్ ఫైలు మొత్తం అడగలేదు. కొసన చిన్న ముక్క అడిగింది, ఇది పాటేనా అని రుచి చూడటానికి. పాటేనని తెలిశాక రెండో ముక్క అడిగింది. మా తాళం దాన్ని ఆపేసింది. ఎందుకంటే మా లెక్కలో రుచి చూడటంతోనే లింకు వాడేసినట్టు!

కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డాను. "దొరికింది!" అని అరిచాను. థియేటర్ కాబట్టి ఆ అరుపు నాలుగు వైపులా బాగా వినిపించింది.

ఇంజనీర్‌కి అర్థమయ్యేలా చెప్పాలి కదా. "సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్ చింపుతాడు కదా. ఇంటర్వెల్‌లో మనం టీకి బయటికెళ్లి మళ్లీ వస్తే, 'నీ టికెట్ చింపేశాం, పో' అంటే ఎలా ఉంటుంది? మనం అదే చేస్తున్నాం. ఇన్నాళ్లూ అందరూ కంప్యూటర్ల మీదే తీసుకున్నారు, అవి ఫైలంతా ఒక్క గుక్కలో తాగేస్తాయి కాబట్టి మనకెప్పుడూ తెలియలేదు. ఫోన్ గుటక గుటకగా తాగుతుంది. పైగా సిగ్నల్ తెగితే మళ్లీ వచ్చి మిగిలింది అడుగుతుంది."

"అంటే దొంగోని కోసం పెట్టిన తాళం ఇంటోన్ని బయట నిలవెట్టింది" అన్నాడతను.

అంతే. ఆ తర్వాత ఎన్నో చోట్ల ఎన్నో తాళాలు పెట్టాను కానీ, ఇంతకంటే సూటిగా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తాళం వేసేటప్పుడు మనం దొంగ మొహమే ఊహించుకుంటాం. ఆ తలుపు తెరుచుకోవాల్సింది మాత్రం మనవాళ్లకి. అవతల వాళ్ల చేతిలో ఎలాంటి ఫోను ఉంది, వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఎలా ఉంది, ఇది ఎవరు ఊహించుకోవాలి?

మార్చాల్సింది చిన్నదే. లింకును లెక్కపెట్టడం మాని మనిషిని లెక్కపెట్టాలి. పేరు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వచ్చిన మనిషి ఆ సాయంత్రం దాకా ఎన్ని ముక్కలు అడిగినా ఇవ్వాలి. అదే లింకు ఇంకెవరికైనా పంపితే, వాళ్లు ఆ మనిషి కాదు కాబట్టి ఒక్క ముక్క కూడా ఇవ్వకూడదు. ఇంకొకటి, ఫైలు ఇచ్చేటప్పుడే ఫోనుకు 'దీన్ని వాయించకు, దాచుకో' అని చెప్పాలి. రాయడం మొదలుపెట్టాను. వెనక నిర్మాతగారు టీ ఊదుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అంత పెద్ద థియేటర్‌లో ఆ ఊదే చప్పుడే నాకు గడియారం.

రాసింది సరిగ్గా ఉందా లేదా సర్వరే చెబుతుంది. అడిగాను. తప్పని చెప్పింది. ఒక వరస చివర సెమికోలన్ మర్చిపోయాను. పెట్టి మళ్లీ అడిగాను. సరేనంది.

"పంపు అక్కా, పంపు!"

"ఉండు. సిగ్నల్ తెగినా వస్తుందో లేదో చూడాలి. ఇక్కడ పరీక్షించకుండా అక్కడికి పంపితే మళ్లీ అదే కథ."

థియేటర్‌లో సిగ్నల్ తెగదు. ఎక్కడ తెగుతుంది? ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా స్టూడియో బయట వాలు మీద పెద్ద బండరాయి ఒకటుంది. దాని చాటుకు వెళ్లగానే ఎవరి ఫోనైనా మూగబోతుంది. ఫోన్లో మాట్లాడుతూ వచ్చే ప్రతివాళ్లూ అక్కడికి రాగానే "హలో... హలో..." అనడం మొదలుపెడతారు.

లేచి పరుగెత్తాను. థియేటర్ తలుపు తోసుకుని, గేటు దాటి, వాలు మీద. ఇంజనీర్ నా వెనకాలే. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి, "ఏమైంది మేడమ్, పామా?" అని కర్ర తీశాడు. ఇవతల ఎండలో నా ఫోన్లో పాట దిగడం మొదలైంది. రాయి చాటుకెళ్లాం. ఆగింది. ఇవతలికొచ్చాం. కాసేపు కదల్లేదు. అంతలో ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలైంది! మళ్లీ చాటుకెళ్లాం, మళ్లీ వచ్చాం. మళ్లీ అందుకుంది. అదే లింకును ఇంజనీర్ ఫోనుకు పంపాను. అతను నొక్కాడు. 'మీకు అనుమతి లేదు' అని వచ్చింది.

"నాకు లేదంట అక్కా! నాకే లేదంట!" అని అతను రోడ్డు మీద గంతులేశాడు. అనుమతి లేదన్నందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అక్కడి నుంచే కోడలికి ఫోన్ చేశాను, ఆయాసపడుతూ. "ఇప్పుడు నొక్కమ్మా."

మేం థియేటర్‌లోకి తిరిగొచ్చేసరికి తెర మీద వరసలు పడుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్లీ పడుతున్నాయి. ఇంజనీర్ వాటిని క్రికెట్ కామెంటరీలా చదవడం మొదలుపెట్టాడు. "వచ్చింది ముక్క... ఇంకోటి... ఆగింది, ఫికర్ చెయ్యొద్దు... అగో, మళ్ల అందుకుంది... సగం దాటింది!" సంగీత దర్శకుడు నా కుర్చీ వెనక నిలబడి, కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. నాకు కూర్చున్న చోటే ఊగినట్టయింది. నిర్మాతగారు ఎప్పుడు లేచి వచ్చారో, ఆయనా మా వెనకే ఉన్నారు. కప్పులో టీ చల్లారిపోయింది.

చివరి వరస పడింది. ఫోన్ మోగింది.

"వచ్చేసిందండి! ఆయ్, మొత్తం వచ్చేసిందండి!" కోడలి గొంతులో ఏడుపు, నవ్వు రెండూ ఉన్నాయి.

అందరం చప్పట్లు కొట్టాం. సంగీత దర్శకుడు నా పాదాల మీద పడబోయాడు. "నాకెందుకు నాయనా, లేచి నీ పని చూసుకో" అన్నాను.

ఆ పైన ఎదురుచూపు. అదే కష్టం. మేం చెయ్యడానికి ఏమీ లేదు. కాసేపటికి పెద్దాయనే ఫోన్ చేశారు. "పాట విన్నాను. బాగుంది. ఆ తల్లి కూతుర్ని చూసే చోట నన్ను తొందరగా కోసేశారేంటి? నేను ఇంకా పై షడ్జం మీద నిలబడాలి. నిలబడనివ్వకపోతే వాయించను."

సంగీత దర్శకుడు కళ్లు పెద్దవి చేశాడు. "నిలబడండి గురువుగారూ! ఎంతసేపైనా నిలబడండి!" ఎడిటర్‌ని లాక్కొచ్చాడు. తల్లి మొహం మీద షాట్‌ను పొడిగించారు. ట్రాక్ కూడా పొడిగించి నాకిచ్చారు. మళ్లీ సర్వర్‌లో పెట్టాను. ఈసారి ఎవరూ గోళ్లు కొరుక్కోలేదు. సిగ్నల్ ఎన్నిసార్లు తెగిందో తెలియదు. పాట మాత్రం చేరింది. రెండోసారి పంపగలగడమే ఆ రోజు అసలు గెలుపని నాకనిపిస్తుంది. కారులో మనిషిని పంపి ఉంటే, ఆ పెద్దాయన మాట వినేవాళ్లమే కాదు.

పొద్దు వాలుతుండగా ఆయన వాయించింది మా సర్వర్‌కి వచ్చింది. అదే తలుపులోంచి, ఈసారి అటు నుంచి ఇటు. ఇంజనీర్ దాన్ని దృశ్యానికి జతచేసి, దీపాలు తగ్గించి, పెద్ద తెర మీద వేశాడు.

తల్లి జనంలోంచి నడిచొచ్చింది. నాదస్వరం ముందు మంద్రంగా, ఎవరో గొంతు సవరించుకున్నట్టుగా మొదలైంది. ఆమె దగ్గరవుతున్న కొద్దీ పైకెక్కింది. కూతురు చూసింది. ఆ చూసిన చోట స్వరం పైకి వెళ్లి నిలబడింది. అలాగే నిలబడింది. ఎదురుచూసిన మనిషి కళ్లెదుట పడితే ఊపిరి ఆగినట్టు. సరిగ్గా అప్పుడు, ఆ స్వరం కింద, దూరంగా డోలు మోగింది.

ఇంజనీర్ ఉలిక్కిపడి ఆపేశాడు. "గిదేంది? డోలు ఏడికెళ్లి వచ్చింది? మనం పెట్టలే!"

మాకు అర్థమైంది. అది గుడిలో డోలు. వాహనసేవకి పెద్దాయన్ని పిలుస్తున్న డోలు. ఆ చిన్న స్టూడియో గోడలు దాన్ని ఆపలేకపోయాయి. ఆయన మాత్రం స్వరం వదలకుండా, పిలుపు వింటూనే ముగించారు.

"నేను క్లీన్ చేసేస్త. ఫికర్ లేదు" అన్నాడు ఇంజనీర్.

"ముట్టుకోకు అన్నా!" సంగీత దర్శకుడు దాదాపు అరిచాడు. "దాన్ని ముట్టుకోవద్దు. అలాగే ఉండనీ."

మళ్లీ మొదటి నుంచి వేశాడు. ఈసారి చివరిదాకా విన్నాం. దీపాలు వెలిగాక చూస్తే, నిర్మాతగారు కళ్లజోడు తీసి తెల్ల చొక్కా కొసతో తుడుచుకుంటున్నారు. నా దగ్గరికొచ్చి తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయారు. నాకప్పటికే మనవలున్నారు. అయినా చిన్నపిల్లనైపోయాను.

ఆ సాయంత్రం ఇంజనీర్ టోలిచౌకి నుంచి బిర్యానీ తెప్పించాడు. నేను శాకాహారిని కాబట్టి నాకు డబుల్ కా మీఠా, అదే బ్రెడ్డుతో చేసే స్వీటు. నా గదిలోనే, సర్వర్ పక్కనే కూర్చుని అందరం తిన్నాం. విద్వాంసుడి కోడలికి ఫోన్ చేస్తే ఆమె మాట వినిపించలేదు. వెనక వాహనసేవ హోరు, అందులో ఆయన నాదస్వరం. ఫోన్ బల్ల మీద పెట్టి, అదీ కాసేపు విన్నాం.

మర్నాడు పొద్దున నేను శ్రీనగర్ కాలనీలో మా ఇంట్లో కాఫీ కలుపుతుంటే నిర్మాతగారి ఫోన్ వచ్చింది. ఏదైనా బయటికి పొక్కిందేమోనని స్టవ్ కట్టేసి ఫోన్ తీశాను.

"అమ్మా, నాకో లింకు పంపావు కదా, నిన్న అడిగితే. అది మా ఆవిడ ఫోనుకు పంపాను. 'మీకు అనుమతి లేదు' అంటోంది."

"అది మీ పేరు మీదే పనిచేస్తుందండీ. ఎవరికి పంపినా రాదు. మీరు చెప్పిందే కదండీ?"

ఆయన నవ్వారు. ఈసారి ఆ నవ్వు నేను ఫోన్లోనే చూశాను.

"మంచి తాళమే వేశావు! మా ఆవిడ పేరు కూడా చేర్చమ్మా. రాత్రి నుంచి ఆ నాదస్వరం గురించే చెబుతున్నాను, నోటితో ఎంతకని వాయించను?"

"చేరుస్తానండీ. కానీ సాయంత్రం దాకే పనిచేస్తుంది."

"సాయంత్రం దాకా చాలమ్మా" అన్నారు. "ఈ రోజు మేమిద్దరం ఇంకే పనీ పెట్టుకోలేదు."